తోడల్లుడికిచ్చిన అప్పు

రామ్‌ప్రసాద్ గురించి పోర్ట్ బ్లెయిర్ డాక్‌యార్డులో ఎవరినడిగినా మంచి పనివాడనే చెబుతారు. బోటు ఇంజను మీద అరచెయ్యి ఆన్చి దాని రోగమేమిటో చెప్పగలడు. తాగుడు లేదు, పేకాట లేదు. లంబాలైన్‌లో ఎయిర్‌పోర్టు కంచెకి ఇవతల చిన్న డాబా ఇల్లు, ఒకటో తారీకున గవర్నమెంటు జీతం, నెమ్మదైన భార్య శ్రీలక్ష్మి, పాలిటెక్నిక్ చదివే కూతురు. తాత సిక్కోలు వైపు నుంచి కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చిన మనిషి. మూడో తరానికి కుటుంబం స్థిమితపడింది. ఆ స్థిమితం ఇంట్లోకైతే వచ్చింది గాని రామ్‌ప్రసాద్ మనసులోకి మాత్రం రాలేదు. పక్కింటివాడు కొత్త స్కూటర్ కొన్నాడంటే ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు. స్కూటర్ కొనడం ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాడేమో. కొన్నవాడు దానిమీద పెళ్ళాన్ని ఎక్కించుకుని నవ్వుకుంటూ వెళ్ళాడా, ఇక ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు.

లోకంలో అందరిమీదా ఉన్న ఓర్వలేనితనం ఒక ఎత్తు. తోడల్లుడు పైడిబాబు మీద ఉన్నది ఒక ఎత్తు.

పైడిబాబు శ్రీలక్ష్మి చెల్లెలు గౌతమి మొగుడు. వండూర్‌లో చేపలు పట్టుకుని బతికేవాడు. సొంత బోటు లేదు, సొంత ఇల్లు లేదు. సీజన్లో టూరిస్టు బోట్ల మీద కూలికి వెళ్ళేవాడు. వంకపెట్టడానికి పైడిబాబు దగ్గర ఎన్ని లేవో రామ్‌ప్రసాద్‌కి నోటికి వచ్చు. కానీ ఆదివారాలు ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్‌లో అత్తగారింటికి వెళ్ళినప్పుడు ఆ లేనివేవీ లెక్కకి వచ్చేవి కావు. రామ్‌ప్రసాద్ ఆపిల్ పళ్ళూ, పెద్ద దుకాణంలో కొన్న మిఠాయి డబ్బా పట్టుకెళితే అత్తగారు సింహాచలమ్మ రెండు చేతులతో అందుకుని, "ఎందుకు బాబూ ఇంత ఖర్చు" అని అలమరలో పెట్టేసేది. వెనకాలే పైడిబాబు ప్లాస్టిక్ బకెట్లో పీతలేసుకుని, మోకాళ్ళదాకా బురదతో వచ్చేవాడు.

"ఒరే పైడీ, ఇంటినిండా తొక్కీకురా, కాళ్ళు కడుక్కో యెదవా!" అని ముసలమ్మ కేకలేసేది. ఆ కేకలోనే నవ్వు. నవ్వుతూనే అరుగు మీద కూలబడి పీతలు బాగుచేసేది. వీధిలో పిల్లలంతా వాడి భుజాలకి వేలాడేవాళ్ళు.

ఇరవై ఏళ్ళుగా రామ్‌ప్రసాద్‌ని ఆ ఇంట్లో అందరూ 'బాబూ' అంటారు, కుర్చీ వేస్తారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆవిడ తనని 'ఒరే' అంటే బాగుండునని అతనికి ఉండేది. ఇది ఎవరితో చెప్పుకునే సంగతి? చెప్పుకుంటే నవ్విపోరూ?

డాక్‌యార్డు స్టోర్స్‌లో పనిచేసే వాసుదేవ్ అతనికి ఆ అప్పుల యాప్ చూపించాడు. అప్పు కావలసినవాళ్ళనీ, దాచుకున్న సొమ్మున్నవాళ్ళనీ ఫోన్లోనే కలిపే ఒక కంపెనీ అది. మధ్యలో బ్యాంకు ఉండదు. ఎందుకు కావాలో అడిగేవాళ్ళే రాసుకుంటారు. పేరు మాత్రం కంపెనీ చూపదు. ఊరు, వయసు, పని, సంపాదన, పాత బాకీలు ఎలా తీర్చారన్న మార్కులు చూపుతుంది. ఇచ్చేవాళ్ళు చదివి, నచ్చితే తలా కాస్త వేస్తారు. పదిమందో ఇరవైమందో చేరితే ఒక అప్పు నిండుతుంది. నెలనెలా వాయిదా వడ్డీతో తిరిగొస్తుంది. ఎగ్గొడితే మాత్రం పోయినట్టే.

"మార్కులు చూడు, జీతం చూడు, అంతే భాయ్," అన్నాడు వాసుదేవ్. "కహానీలు చదవొద్దు. కహానీ అందరూ బాగానే రాస్తారు."

రామ్‌ప్రసాద్ కహానీలే చదివేవాడు. మొదట్లో వడ్డీ కోసమే చేరాడు గాని, రానురాను ఆ చదవడంలో వేరే రుచి తగిలింది. జీవితమంతా అతను బల్లకి అవతల నిలబడ్డవాడే. ఇంటి లోనుకి, ప్రమోషనుకి, కూతురి సీటుకి ఎవరో కుర్చీలో కూర్చుని తన కాగితం తిప్పి చూస్తుంటే ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంటే దేశం మొత్తం తన ముందు వచ్చి నిలబడుతోంది. సేలంలో ఒకడికి రెండో మగ్గం కావాలట. "ఒక మగ్గం నాది, ఒకటి నా భార్యది, ఎదురెదురుగా వేసుకుంటాం" అని రాశాడు. ఎదురెదురుగానా, అనుకున్నాడు రామ్‌ప్రసాద్. గుండెలో సూది గుచ్చుకుంది. కాదన్నాడు. కడియంలో ఒక అమ్మాయి మందార మొక్కల నర్సరీకి పందిరి వేసుకుంటానంది. తన దగ్గరున్న మందారాల రంగులన్నీ పిల్లల పేర్లు చెప్పినట్టు వరసగా రాసింది. అంత సంతోషంగా ఉన్నదానికి అప్పెందుకూ? కాదన్నాడు. కాన్పూర్‌లో ఒకాయన తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి, దేవుడు కూడా చేయి వదిలేశాడని రాశాడు. అది చదివితే రామ్‌ప్రసాద్‌కి కడుపు చల్లగా అయింది. ఆ చల్లదనాన్ని జాలి అనుకున్నాడు. వెంటనే ఇచ్చాడు.

ఆ కాన్పూరాయన రెండో వాయిదాకే మాయమయ్యాడు. అలా జాలిపడి ఇచ్చిన ఇంకో ఇద్దరూ అంతే. కాదన్న కడియం అమ్మాయి మాత్రం మొదటి అప్పు పూర్తిగా తీర్చేసి, ఏడాది తిరక్కుండా రెండోదానికి వచ్చింది.

శ్రీలక్ష్మి ఇదంతా కూరలు తరుగుతూ వింటూ ఉండేది. అతను పైకి చదువుతాడు, తనకి తెలియకుండానే ముఖం మార్చుకుంటాడు. ఆ ముఖం ఆమెకి తెలుసు. ఒకరోజు కత్తిపీట మీంచి తలెత్తకుండానే అంది:

"ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఎవుళ్ని చూస్తే నీకు కడుపులో మండుతాదో ఆళ్ళకే ఇయ్యి. ఆళ్ళకి బతకడం తెలుసు. అందుకే నీకు మండుతాది."

"నాకు మండడమేటి? ఎవుడి మీద మండింది?"

"సరేలే. నాకేం మాలూమ్."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు కడియం అమ్మాయికి ఇచ్చాడు, పళ్ళు బిగబట్టి. ఆ తర్వాత జీడిపిక్కలు వేయించే బట్టీ పెట్టుకుంటానన్న పలాస అన్నదమ్ములకి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే కంచంలో తింటామని రాశారు వాళ్ళు. ఎవరి కోరిక చదివితే నిద్ర పట్టకుండా పోయేదో వాళ్ళకే వేస్తూ పోయాడు. ఒక్క వాయిదా తప్పలేదు. వాసుదేవ్ ఆశ్చర్యపోయి, "ఎలా ఏరుతున్నావు భాయ్, నాకూ చెప్పు," అని వెంటపడ్డాడు. ఏమని చెబుతాడు?

సరిగ్గా ఆ రోజుల్లోనే పైడిబాబు లంబాలైన్ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో బకెట్ లేకుండా వచ్చాడు. వరండాలో నేలమీద కూర్చోబోతే రామ్‌ప్రసాద్ కుర్చీ చూపించాడు. అంచున కూర్చున్నాడు.

"భయ్యా, అద్దాల బోటు ఒకటి అమ్మకానికుంది. అడుగున అద్దముంటాది కదా, టూరిస్టులు కూకుని నీళ్ళల్లోకి చూస్తారు. పాతదే గాని బాడీ గట్టిది. పర్మిట్ మామూలుగా వచ్చీస్తాది, అడిగాను. బ్యాంకోళ్ళు నాను జీతగాణ్ణి కాదని ఇవ్వనన్నారు. నువ్వేమైనా..."

శ్రీలక్ష్మి ఆ వేళ ఇంట్లో లేదు. కూతురితో అబర్డీన్ బజారుకెళ్ళింది. రామ్‌ప్రసాద్ చేతిలో ఫోను ఉంది. ఆ ఫోన్లో పలాస అన్నదమ్ముల వాయిదా అప్పుడే వచ్చి పడింది.

"చేతిలో పైసా లేదురా," అన్నాడు. "పిల్ల చదువు, ఇంటి లోను. తెలుసు కదా."

"తెల్దా భయ్యా. అడగాలని అడిగాను, అంతే," అన్నాడు పైడిబాబు. ముఖంలో ఏ బాధా లేదు. టీ తాగాడు, రన్‌వే మీద దిగుతున్న విమానాన్ని చిన్నపిల్లాడిలా లేచి నిలబడి చూశాడు, వెళ్ళిపోయాడు. ఆ విమానం రామ్‌ప్రసాద్ రోజూ చూసేదే. అందులో అంతసేపు చూడ్డానికి ఏముందో అతనికి ఎప్పుడూ తట్టలేదు. అదీ గుచ్చుకుంది.

వారం పోయాక యాప్ తెరిస్తే, కొత్తగా వచ్చినవాటిలో 'వండూర్, దక్షిణ అండమాన్' అని కనిపించింది. పని: చేపల వేట. కారణం: అద్దాల బోటు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ:

"ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యని. ఆయనకి చెప్పడం వచ్చు, రాయడం రాదు. నీళ్ళ కింద ఏ పగడపుదిబ్బ ఎక్కడుందో ఆయనకి మా ఇంట్లో గిన్నెలెక్కడున్నాయో తెలిసినట్టు తెలుసు. ఇప్పుడు వేరేవాళ్ళ బోటులో కూలికి వెళ్ళి అందరికీ చూపిస్తున్నారు. సొంత బోటులో చూపిస్తే ఇంకా బాగా చూపిస్తారు. ఎవరి సొమ్మూ ఇంతవరకు ఉంచుకోలేదు. అడిగిన చోట లేదన్నారు. అందుకే తెలియనివాళ్ళని అడుగుతున్నాం."

గౌతమి రాసిన మాటలవి. రామ్‌ప్రసాద్ మళ్ళీ మళ్ళీ చదివాడు. 'అడిగిన చోట లేదన్నారు' అన్నది అతన్ని అంతగా తాకలేదు. తాకింది ఆ గిన్నెల మాట. తన గురించి శ్రీలక్ష్మి ఎక్కడైనా ఎవరికైనా అలా ఒక మాట రాస్తుందా? ఇంజను మీద చెయ్యి వేసి రోగం చెప్పగలనని ఆమెకి తెలుసా అసలు?

తన కొలత ప్రకారం చూస్తే ఇంతకంటే మంచి అప్పు ఉండదు. ఇంతగా మంట పుట్టించిన కోరిక ఇంతకుముందు రాలేదు. కానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. డ్యూటీలో ఉన్నా అదే ధ్యాస. నట్టు బిగిస్తూ ఆగిపోయేవాడు. చివరికి ఒక ఆలోచన వచ్చింది. వాడికి ఇస్తే వాడు తనకి బాకీపడతాడు. హోప్ టౌన్‌లో ఎంత నవ్వినా, పిల్లలు ఎంత ఎగబాకినా, నెలనెలా తనకి కట్టుకోవాలి. వాడికి తెలియకపోయినా తనకి తెలుస్తుంది కదా. ఆ ఆలోచన నాలిక మీద బెల్లమ్ముక్కలా కరిగింది. ఒక్కరికి యాభై వేలకి మించి ఇవ్వకూడదని రూలు. సరిగ్గా యాభై వేలూ వేశాడు.

మిగతాది నిండడానికి నెలైనా పడుతుందనుకున్నాడు. రెండు రోజుల్లో నిండిపోయింది. సూరత్ వాళ్ళెవరో, కోయంబత్తూరు వాళ్ళెవరో, సముద్రం ముఖమైనా చూశారో లేదో తెలియనివాళ్ళు, తన తోడల్లుణ్ణి నమ్మి డబ్బు వేశారు. వాడిలో ఏం చూశారు వీళ్ళు? రామ్‌ప్రసాద్‌కి వాళ్ళ మీదా కుళ్ళు పుట్టింది.

బోటు వచ్చింది. నీలం రంగు వేసి, పక్కన గౌతమి పేరు హిందీలో రాయించాడు పైడిబాబు. నెల తిరిగేసరికి వాయిదా వచ్చి ఫోన్లో టింగుమంది. అందరి వాయిదాలకీ రామ్‌ప్రసాద్ ముఖం వెలిగేది. ఈ ఒక్కదానికి నల్లబడేది. డబ్బు పెరుగుతోంది, మనిషి తరిగిపోతున్నాడు. ఈసారి తప్పుతాడేమో అని ఎదురుచూసేవాడు. వాడు తప్పితే పోయేది తన యాభై వేలే. ఆ సంగతి తెలిసే ఎదురుచూసేవాడు.

హోప్ టౌన్‌లో సింహాచలమ్మ ఆ అప్పిచ్చినవాళ్ళని తలుచుకుని దీపం పెట్టేది.

"ఎవులు కన్న బిడ్డలో గాని, మా పైడిగాణ్ణి నమ్మినారు. ఆళ్ళ ఇల్లు సల్లగుండ," అని చెంగుతో కళ్ళొత్తుకునేది.

పైడిబాబు అన్నం కలుపుతూ అనేవాడు: "ఆళ్ళు ఎదురైతే కాళ్ళు మొక్కీసేవోణ్ణి అత్తా. ముఖం కూడా తెల్దు. అలాటోళ్ళు ఉంటారా భయ్యా లోకంలో?"

రామ్‌ప్రసాద్ నీళ్ళు తాగేవాడు. చెప్పాలని గొంతుదాకా వచ్చేది. చెబితే, అడిగిన రోజున పైసా లేదన్నది అబద్ధమని తేలిపోతుంది. చెప్పకపోతే ఆ దీపం, ఆ కన్నీళ్ళు, ఆ మొక్కు అన్నీ ఎవరో సూరత్ వాడి ఖాతాలోకి పోతున్నాయి. ముఖం లేని ఆ మంచిమనిషి మీద రోజురోజుకీ అసూయ పెరిగింది. అందులో ఒక వంతు తనేనన్నది గుర్తొచ్చేది, గుర్తొచ్చి మరీ మండేది.

వానలు పట్టాయి. ఆ ఏడు వానలతోపాటు వండూర్ ఒడ్డున మొసలి కనబడిందని బీచ్ మూసేశారు. టూరిస్టులు రావడం మానేశారు. ఒక వాయిదా రాలేదు. రెండోదీ రాలేదు. రామ్‌ప్రసాద్‌కి ఆకలి పెరిగింది. కూతురితో జోకులు వేశాడు. శ్రీలక్ష్మికి బజారు నుంచి పూలు తెచ్చాడు. ఆమె పూలు తలలో పెట్టుకుంటూ అతనివైపు అనుమానంగా చూసింది.

అప్పుడు కంపెనీ నుంచి కబురొచ్చింది. వండూర్ బోటు అప్పు తీసుకున్నతను మూడు నెలలు గడువు అడుగుతున్నాడు. ఇచ్చినవాళ్ళందరూ తలా ఒక మాట చెప్పాలి: గడువిస్తారా, లేక వసూలు మనుషుల్ని పంపమంటారా?

రామ్‌ప్రసాద్ వెంటనే ఏదీ నొక్కలేదు. ముందు కళ్ళారా చూడాలనిపించింది. ఆదివారం శ్రీలక్ష్మిని తీసుకుని వండూర్ బస్సెక్కాడు. వాడిపోయిన ముఖాలు, మూలకి చేరిన గౌతమి, తలదించుకున్న పైడిబాబు... దారిపొడవునా ఇవే బొమ్మలు కట్టుకున్నాడు.

వెళ్ళేసరికి పైడిబాబు ఒడ్డుకి లాగిన బోటు కింద వెల్లకిలా పడుకుని అడుగుకి అంటిన నత్తగుల్లలు గీకుతున్నాడు. పక్కన గౌతమి గొడుగు పట్టుకుని కూర్చుని ఏదో చెబుతోంది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. దగ్గరికెళితే తెలిసింది: ఆ మొసలికి పేరు పెట్టుకున్నారు వాళ్ళు, 'ఇన్‌స్పెక్టర్' అని. ఇవాళ ఇన్‌స్పెక్టర్ డ్యూటీకి వచ్చాడా లేదా అన్నది నవ్వుకి కారణం.

కూలిపోయినవాణ్ణి చూద్దామని వస్తే ఇదా చూడాల్సింది? గంజి తాగుతూ కూడా నవ్వుతారా వీళ్ళు?

అన్నాల దగ్గర పైడిబాబు తనే ఎత్తాడు. "గడువడిగాం భయ్యా. ఇస్తారు. అంత మంచోళ్ళు ఇవ్వరా?"

"ఆ మంచోళ్ళలో ఒకణ్ణి నేనే," అనేశాడు రామ్‌ప్రసాద్.

ఎలా వచ్చిందో ఆ మాట. పైడిబాబు ముద్ద గొంతుకడ్డం పడేలా నవ్వాడు. గౌతమి కూడా నవ్వింది, నవ్వుతూనే మజ్జిగ పోసింది.

"బావా, నువ్వే ఇచ్చుంటే ఈపాటికి హోప్ టౌన్‌లో మైకు పెట్టి చెప్పీవోడివి కాదేటి?"

శ్రీలక్ష్మి నవ్వలేదు. మొగుడి ముఖంలోకి చూసి కళ్ళు దించుకుంది. రామ్‌ప్రసాద్ కూడా నవ్వినట్టు పెదాలు చాపాడు. జీవితంలో మొట్టమొదటిసారి తన గురించి ఒక మంచి సంగతి, అదీ నిజమైనది చెప్పుకుంటే అది తమాషా అయిపోయింది.

తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడి ఉండగా ఫోనుకి సిగ్నల్ వచ్చింది. యాప్ తెరిచాడు. 'వసూలుకి పంపండి' అన్నది నొక్కాడు.

బస్సు సగం దూరం వచ్చాక శ్రీలక్ష్మి మెల్లగా అడిగింది: "నిజమేనా?"

"ఏది?"

"నువ్విచ్చావా ఆళ్ళకి?"

అతను తలూపాడు. ఆమె చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేయకపోతే మిగతాది చెప్పేవాడు కాదేమో. ఎందుకిచ్చాడో చెప్పాడు, బాకీపడాలని. ఇప్పుడే ఏం నొక్కాడో కూడా చెప్పాడు. ఆమె చెయ్యి తీసేసింది. లంబాలైన్ వచ్చేదాకా కిటికీలోంచి వానని చూస్తూ కూర్చుంది.

రామ్‌ప్రసాద్ ఒక్కడు కాదంటే ఆగే పని కాదది. ఎక్కువమంది మాటే చెల్లుతుంది. సూరత్ వాళ్ళూ కోయంబత్తూరు వాళ్ళూ అందరూ గడువిచ్చారు. ఒక్కరు తప్ప మిగిలినవారంతా ఒప్పుకున్నారని కంపెనీ పైడిబాబుకి కబురు పంపింది. గౌతమి ఆ సంతోషం అక్కకి ఫోన్లో చెప్పింది, చెబుతూ, ఆ ఒక్కడూ ఎవడో పాపం వాడికేం కష్టమో అంది. శ్రీలక్ష్మి దాచుకోలేకపోయింది. చెల్లెలికి అంతా చెప్పేసింది.

మర్నాడు రామ్‌ప్రసాద్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వరండాలో పైడిబాబు నిలబడి ఉన్నాడు. ఈసారి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ ఒక్కడివి నువ్వేనా భయ్యా?"

"నేనే."

"ఇచ్చినోడివీ నువ్వే?"

"నేనే."

"ఇంటికొచ్చి అడిగితే లేదన్నావు. అడగని చోట ఇచ్చావు. ఇచ్చి, మళ్ళీ పీక పిసకమన్నావు. ఇదేం ఇవ్వడం? నాను నీకేం చేసాను, చెప్పు. దొంగతనం చేసానా? నీ ఇంట్లో ఏదైనా..." పైడిబాబుకి కోపం వస్తే ఎలా ఉంటుందో రామ్‌ప్రసాద్ అంతవరకు చూడలేదు.

"నువ్వేం చేయలేదు," అన్నాడు. "నీ మీద కుళ్ళు నాకు."

పైడిబాబు వెనక్కి తిరిగి చూశాడు, ఆ మాట ఇంకెవరితోనో అన్నట్టు. "నా మీదా? నా కాడ ఏటుంది భయ్యా? ఇల్లు అద్దెది. బోటు అప్పుది."

"ఏటుందా?" రామ్‌ప్రసాద్ మెట్టు మీద కూలబడ్డాడు. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. "నువ్వు గుమ్మంలోకి రాగానే అత్త ముఖం మారిపోద్ది. నన్ను 'బాబూ' అంటది. నిన్ను 'ఒరే యెదవా' అంటది. ఇరవై ఏళ్ళలో నన్ను ఒక్కసారి తిట్టలేదు. ఆ తిట్టు కోసం ఎంత చూశానో నీకు తెల్దు. నువ్వు నేలమీద కూకుంటే పిల్లలొచ్చి నీమీద పడతారు. నా కుర్చీ కాడికి ఎవరూ రారు. అన్నంలో చేప ముల్లు తీసి పక్కన పెడతావు చూడు, గౌతమి కంచంలోకి కండ తోసి ముల్లు నువ్వుంచుకుంటావు. అది నీకే తెలీదు. నాకు తెల్సు. విమానం దిగితే లేచి చూశావు. నేను ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఒక్కనాడు చూడలేదు. లేదని చెప్పినా టీ తాగి వెళ్ళావు. కోపమైనా రాలేదు నీకు. కోపమొస్తే నాకు కొంచెం బాగుండేది. నీ పెళ్ళాం ముక్కూముఖం తెలియనోళ్ళకి నీ గురించి ఏం రాసిందో నాకు నోటికొచ్చు. నీ వాయిదా వచ్చిన ప్రతిసారీ నాకు కడుపులో మండేది. రాకపోతే అన్నం హితవైంది. నా డబ్బే పోతుందని తెల్సి కూడా. ఇంక చెప్పు, ఏటి చేస్తావో చెయ్యి."

పైడిబాబు కోపం అలాగే ఉంది గాని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నన్ను ఇంతగా ఎవులూ చూళ్ళేదు భయ్యా," అన్నాడు చివరికి. "మా అమ్మ కూడా." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రామ్‌ప్రసాద్ వెనక్కి తిరిగితే గుమ్మంలో శ్రీలక్ష్మి ఉంది. మొత్తం విన్నది. ఆమె కళ్ళల్లో తడి ఉంది గాని అది జాలి కాదు.

"చేప ముల్లు ఆడెక్కడ పెడతాడో కూడా చూశావు," అంది. "నేను ఎక్కడ పెడతానో ఎప్పుడైనా చూశావా?"

అతను ఆలోచించాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఏమీ రాలేదు. ఆమె లోపలికెళ్ళిపోయింది. ఆ వేళ నుంచి చాలా రోజులపాటు, అన్నాల దగ్గర రామ్‌ప్రసాద్ భార్య కంచంలోకి దొంగచూపులు చూస్తూ ఉండేవాడు. ఆమె అది గమనించి చిరాకుపడేది. ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా.

పైడిబాబు ఆ వానాకాలమంతా లంబాలైన్ గడప తొక్కలేదు. హోప్ టౌన్‌లో ఎదురుపడితే 'బాగున్నావా' అని అడిగేవాడు, అంతకుమించి లేదు. నవంబరులో టూరిస్టులు తిరిగొచ్చారు. వాయిదాలు మళ్ళీ మొదలయ్యాయి, ఆగినవాటికి అపరాధ వడ్డీతో సహా. రామ్‌ప్రసాద్‌కి అవి ఇంకా గుచ్చుకునేవి. కాకపోతే గుచ్చుకుంటున్నదేమిటో ఇప్పుడు తెలుసు, ఇంట్లోవాళ్ళకీ తెలుసు. టింగుమనగానే శ్రీలక్ష్మి వంటింట్లోంచి, "ఇది వండూర్‌దేనా? ముఖం చూపించు," అని అడిగేది. దాచుకోవడానికేమీ మిగలకపోయేసరికి ఆ మంటకి మునుపటి బలం పోయింది. ఆరిపోయిందని మాత్రం అనలేం.

అప్పు మొత్తం తీరిన నెలలో గౌతమి ఫోన్ చేసి, అక్కనీ బావనీ బోటెక్కడానికి రమ్మంది. "ఆయనే పిలవమన్నాడు," అని రెండుసార్లు చెప్పింది.

వెళ్ళారు. పైడిబాబు రామ్‌ప్రసాద్‌కి చెయ్యి అందించి బోటులోకి లాగాడు. ఇంజను వేస్తే కాస్త దగ్గినట్టు మోగింది.

"ఏటి భయ్యా, దీని కత?" అన్నాడు పైడిబాబు, అటే చూస్తూ.

రామ్‌ప్రసాద్ దానిమీద అరచెయ్యి ఆన్చాడు. "ప్లగ్గులు మార్చాలి. వచ్చే ఆదివారం తెస్తాను."

బోటు పగడపుదిబ్బల మీదికి వచ్చాక పైడిబాబు ఇంజను ఆపేశాడు. అడుగునున్న అద్దంలోంచి ఎండ నీళ్ళలోకి దిగుతోంది. గౌతమి వంగి అక్కకి ఏదో చూపిస్తోంది. శ్రీలక్ష్మి ఈ దీవిలోనే పుట్టి పెరిగీ ఇన్నేళ్ళూ ఇది చూడలేదు. చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తోంది. రామ్‌ప్రసాద్ మాత్రం పైడిబాబునే చూస్తున్నాడు. వాడు తెడ్డు మీద రెండు వేళ్ళు ఊరికే అలా ఆన్చి ఉంచాడు, బోటు కదలకుండా అక్కడే నిలబడి ఉంది. గాలి ఎటు తిరిగితే అటు ఆ వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి. అంత తేలికగా ఎలా పట్టుకుంటాడు?

శ్రీలక్ష్మి అతని మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"కిందికి చూడవయ్యా," అంది. "ఎంత బాగుందో కిందికి చూడు."

"చూస్తున్నానులే," అన్నాడు రామ్‌ప్రసాద్, ఆ వేళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండానే.